తెలియదు అనడం ఎప్పుడు తప్పు?



మన కతోలిక కుటుంబాల్లో వాడే ఒక మాట బయటివాళ్ళను తికమకపెడుతుంది. మనం 'విచారణ' అంటే ఒక గుడి, దాని క్రిందనున్న పల్లెలు, అక్కడి విశ్వాసులు. విచారణ గురువు అంటే వాళ్ళ మంచిచెడ్డలు కనుక్కొనే బాధ్యత ఉన్నవాడు. ఒకసారి రైలులో ఎదురుగా కూర్చొన్న పెద్దమనిషి ఏం చేస్తుంటారని అడిగితే, "విచారణ గురువునండి" అన్నాను. "పోలీసు శాఖలోనా?" అన్నాడాయన. ఆ మాట తలచుకొని చాలాసార్లు నవ్వుకొన్నాను. కాని ఈ వారం మీతో చెప్పదలచినది, నా విచారణలో నేను చేయవలసి ఉండి చేయని విచారణ గురించి. ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికైనా చెప్పాలి.

అది నేను విచారణ గురువుగా వెళ్ళిన మొదటి ఊరు. హైవే ప్రక్కన గుడి. ఆవరణలో పాత గిలక బావి. ప్రహరీగోడకు అవతల రెండు ఇళ్ళ స్థలాలు దాటితే పెట్రోలు బంకు. యజమాని మన సంఘస్థుడే. గుడిలో గచ్చు పగిలిపోతే బండలు పరిపించింది ఆయనే, పండుగ వస్తే ఎవరూ అడగకముందే చందా పంపించేదీ ఆయనే. ఆయన పేరు చెప్పను, ఊరి పేరూ చెప్పను. ఈ కథలో ఆయన తప్పు కంటే నా తప్పే పెద్దది.

ఒక ఏడు వానలు బాగా కురిసి బావిలో నీళ్ళు పైకి వచ్చాయి. మాకు వంట చేసే అమ్మ ఒక ఉదయం చేద తెచ్చి నా ముందు పెట్టింది. "ఫాదరుగారూ, నీళ్ళు కిరసనాయిలు కంపు కొడుతున్నాయండి. పైన రంగులు తేలుతున్నాయి, చూడండి" అంది. చూశాను. వాసన ఉంది. తెట్టులాగా సన్నని పొర, ఎండపడితే ఇంద్రధనుస్సు రంగులు. "స్టౌ ముట్టుకొన్న చేత్తో తోడి ఉంటావులే అమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మరుసటి వారం నుంచి టౌను నుంచి నీళ్ళ క్యానులు తెప్పించుకోవడం మొదలుపెట్టాను. గోడ అవతల పేటలోని వాళ్ళు ఎప్పటిలాగే చేతిపంపు నీళ్ళు పట్టుకొని వెళ్తున్నారు. ఆ నీళ్ళు ఎలా ఉన్నాయని నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

అదే రోజుల్లో బంకు యజమాని ఒక సాయంత్రం వచ్చి వరండాలో కూర్చొన్నాడు. డీజిలు తరుగు వస్తోందట. రోజూ ఉదయం డిప్ రాడ్ వేసి చూస్తే లెక్కకు ముప్పై నలభై లీటర్లు తక్కువ. రాత్రి డ్యూటీ చేసే కుర్రవాడి మీద అనుమానం. ఆ కుర్రవాడు పేటలోని పిల్లవాడు, చిన్నప్పుడు పూజలో సహాయం చేసినవాడు. "మీరొకసారి పిలిచి అడగండి ఫాదరుగారూ, మీకైతే నిజం చెబుతాడు" అన్నాడు. పిలిచాను. "నిజం చెప్పు నాన్నా, దేవునికి తెలియనిది ఉండదు కదా" అన్నాను. వాడు తల్లి మీద ఒట్టు పెట్టి తీయలేదన్నాడు. ఏడ్చాడు. నేను నమ్మలేదు. ఆ నెలాఖరుకు వాడిని పనిలో నుంచి తీసేశారు. దొంగ అన్న పేరు ఊళ్ళో మిగిలిపోయింది, కుటుంబం హైదరాబాదు వెళ్ళిపోయింది.

తరువాత రోడ్డు వెడల్పు చేశారు. బంకును వెనక్కు జరపవలసి వచ్చి, పాత ట్యాంకులను తవ్వి పైకి తీశారు. డీజిలు ట్యాంకు అడుగున చిటికెనవేలు పట్టేంత రంధ్రం ఉంది. ఎక్కడో కాదు, సరిగ్గా డిప్ రాడ్ దిగే గొట్టం క్రింద. రోజూ ఉదయం కొలవడానికి దించిన కడ్డీ ఏళ్ళ తరబడి ఒకే చోట తగిలి తగిలి, ఇనుము అక్కడ పలచబడి, తుప్పుపట్టి తూటుపడింది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఇది తెలిసిన సంగతేనట. అందుకే ఆ గొట్టం క్రింద మందపాటి రేకు ఒకటి అతికిస్తారు. ఆ పాత ట్యాంకుకు అది లేదు. యజమాని నా దగ్గరకు వచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూర్చొన్నాడు. తరువాత, "ఆ పిల్లవాడికి ఏం చెప్పను ఫాదరుగారూ?" అన్నాడు. బావిలో వాసన సంగతి నాకు తెలుసునని అప్పటికి కూడా ఆయనకు చెప్పలేదు.

ఒకసారి ఆలోచించండి. తరుగు సంగతి ఆయనకు తెలుసు. వాసన సంగతి వంట చేసే అమ్మకు తెలుసు. రెండూ తెలిసినది ఆ ఊళ్ళో నాకొక్కడికే. రెండింటినీ కలిపి చూడడానికి పెద్ద చదువు అక్కరలేదు. నేను కలపలేదు. చాలా కాలం వరకు నాలో నేను చెప్పుకొన్న సమాధానం ఒక్కటే: నాకు తెలియదు కదా!

ఈ 'తెలియదు' మీద నాకు మళ్ళీ ఆలోచన కలిగించినది ఒక దూరదేశపు వార్త. పసిఫిక్ మహాసముద్రంలో హవాయి ద్వీపాలు అమెరికాలో ఒక రాష్ట్రం. అక్కడ హొనలూలు పట్టణానికి దగ్గరలో రెడ్ హిల్ అనే గుట్ట ఉంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940కి 1943కి మధ్య, ఆ గుట్టను లోపల తొలిచి అమెరికా నౌకాదళం 20 ఇంధన ట్యాంకులు కట్టింది. ఒక్కొక్కటి 250 అడుగుల ఎత్తు, 100 అడుగుల వెడల్పు. ఒక్కొక్క దానిలో నాలుగున్నర కోట్ల లీటర్లకు పైగా పడుతుంది. ఆ ట్యాంకుల అడుగుకు సుమారు 100 అడుగుల క్రింద మంచినీటి పొర. లక్షలమంది త్రాగే నీళ్ళు అవే. 2014లో ఒక ట్యాంకు నుంచి దాదాపు లక్ష లీటర్ల ఇంధనం కారిపోయింది. అప్పటి నుంచి అక్కడి ప్రజలు హెచ్చరిస్తూనే ఉన్నారు.

2021 మే 6వ తేదీన సిబ్బంది ఇంధనాన్ని ఒక చోటి నుంచి ఇంకొక చోటికి పంపుతుండగా వాల్వులు తిప్పడంలో పొరపాటు జరిగి గొట్టంలో ఒత్తిడి పెరిగింది, అతుకులు ఊడి ఇంధనం చిమ్మింది. సుమారు ఆరు వేల లీటర్లు పడిందనీ, దాదాపు అంతా ఎత్తివేశామనీ లెక్క వేశారు. కాని నిజంగా పోయినది 75 వేల లీటర్ల దాకా ఉంది. ట్యాంకు మట్టం తగ్గినట్లు కొలతలో కనిపించనే కనిపించింది. దానికి ఒక జవాబు దొరికింది: ఖాళీ అయిన గొట్టాలు మళ్ళీ నిండడానికి ఆ ఇంధనం పోయి ఉంటుందని. ఆ జవాబు అందరికీ నచ్చింది. అసలు ఇంధనమేమో మంటలు ఆర్పే నురుగునీళ్ళు బయటకు పోవడానికి పైన వేలాడదీసిన ప్లాస్టిక్ గొట్టంలోకి చేరి, ఆరు నెలలకు పైగా అక్కడే నిలిచి ఉంది. బరువుకు ఆ గొట్టం క్రిందికి వంగింది కూడా. నవంబరు 20న సొరంగంలో నడిచే చిన్న రైలు బండి ఆ గొట్టం మీది వాల్వుకు తగిలింది. అది పగిలి ఇంధనం నేల మీదికి, నేల నుంచి మంచినీటి బావిలోకి వెళ్ళింది. ఆ బావి నీళ్ళు అందుకొనే వాళ్ళు సుమారు 93 వేల మంది, ఎక్కువగా సైనికుల కుటుంబాలు.

నవంబరు చివర ఇళ్ళల్లో నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కుళాయి నీళ్ళకు ఇంధనం వాసన. పిల్లలకు ఒంటి మీద దద్దుర్లు, పెద్దలకు తలనొప్పి, వాంతులు. నీళ్ళు సురక్షితం కాదనడానికి ఆధారాలు కనబడలేదని అధికారులు మొదట జవాబిచ్చారు. తానూ తన సిబ్బందీ ఆ నీళ్ళే త్రాగుతున్నామని ఒక అధికారి ప్రకటించాడు, తరువాత క్షమాపణ చెప్పుకొన్నాడు. వేలాది కుటుంబాలు నెలల తరబడి హోటళ్ళలో ఉండవలసి వచ్చింది. 2022 మార్చిలో ఆ ట్యాంకులను శాశ్వతంగా మూసివేస్తామని అమెరికా రక్షణమంత్రి ప్రకటించాడు. ఆ సంవత్సరం జూన్ చివర నౌకాదళం బయటపెట్టిన దర్యాప్తు నివేదికలో మే నెల నాటి ఆ నచ్చిన జవాబు సంగతి ఉంది.

ఆ వార్తలు చదువుతున్నప్పుడు నాకు మా బంకు వరండా గుర్తుకు వచ్చింది. అక్కడ కూడా కొలత నిజం చెప్పింది. లెక్కలో తరుగు ఉంది. తరుగుకు ఒక కారణం కావాలి. మనకు శ్రమ లేని కారణం ఒకటి దొరికితే దానినే పట్టుకొంటాం. వాళ్ళకు ఖాళీ గొట్టం దొరికింది. మాకు బీదవాడి కొడుకు దొరికాడు.

పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాస్ అక్వీనాసుగారి 'సుమ్మా'లో అజ్ఞానాన్ని గురించిన భాగాలు మాకు పాఠంగా వచ్చాయి. అప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టాను. సారాంశం మీకు నా మాటల్లో చెబుతాను. ఒకడు బాణం వేశాడు, అది దారిన పోయేవాడికి తగిలి చనిపోయాడు. వేసినవాడు తగిన జాగ్రత్త తీసుకొన్నాడు, అటు మనిషి వస్తున్నట్లు తెలియలేదు. ఆ చావు అతడు కోరి చేసినది కాదు. ఇక్కడ 'తగిన జాగ్రత్త తీసుకొన్నాడు' అన్న మాటలోనే అంతా ఉంది. చూడకుండా వేసినవాడికి ఈ క్షమాపణ వర్తించదు. అలాగే మనిషి తెలుసుకోగలిగి, తెలుసుకోవలసి ఉండి తెలుసుకోకపోతే ఆ అజ్ఞానం అతని ఇష్టం నుంచి పుట్టినదే. ఇంకా ఘోరమైనది, తెలిస్తే చేస్తున్న పని మానవలసి వస్తుందని తెలుసుకోకుండా ఉండడం. అయితే అందరూ అన్నీ తెలుసుకోవాలని ఆయన అనలేదు. రేఖాగణిత సిద్ధాంతాలు తెలియకపోవడం ఎవరికీ పాపం కాదు. మన స్థితికి, మన పనికి తెలుసుకోవలసినవి ఏవో అవే మనం తెలుసుకోవలసినవి.

ఈ లెక్కన చూడండి. డీజిలులో, పెట్రోలులో ఏముందో వంట చేసే అమ్మకు తెలియనక్కరలేదు. ఆమె తనకు తెలిసినదంతా చెప్పింది. తన ట్యాంకు ఎన్నేళ్ళది, దాని అడుగున రేకు ఉందా లేదా అన్నది మాత్రం బంకు యజమాని తెలుసుకోవలసిందే, అది ఆయన వృత్తి. మరి నేను? నాకు భూగర్భశాస్త్రం తెలియదు. కాని నా విచారణలో వాళ్ళు ఏ నీళ్ళు త్రాగుతున్నారో కనుక్కోవడం నా వృత్తి. పైగా నేను నా త్రాగే నీళ్ళు మార్చుకొన్నాను! మనిషికి ఏది తెలుసో అతని నోటిని అడగనక్కరలేదు, అతని గ్లాసును చూస్తే చాలు. నాకు నిజంగా తెలియకపోతే ఆ క్యానులకు డబ్బు ఎందుకు పెట్టాను?

అసత్యం చెప్పడం పాపమని అందరికీ తెలుసు. అడగకపోవడం కూడా ఒక్కొక్కసారి అటువంటిదేనని మనకు తోచదు. పూజ ప్రారంభంలో మనం చేయవలసినవి చేయకపోవడాన్ని కూడా పాపమని ఒప్పుకొంటాం. ఆ మాట వద్ద నా గొంతు చాలా ఏళ్ళు తేలికగా దాటిపోయేది.

ఇక్కడ మీలో కొందరు అడగవచ్చు: "మరి అనుమానం మాత్రం పాపం కాదా ఫాదరుగారూ?" మంచి ప్రశ్న. సరైన ఆధారం లేకుండా పొరుగువాడిలో దోషం ఉందని నిశ్చయించుకోవడం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధమని చిన్నప్పుడే నేర్చుకొన్నాం. నీళ్ళలో వాసన వచ్చింది కాబట్టి బంకువాడే చేశాడని గుడిలో నిలబడి చెప్పి ఉంటే, అది కూడా తప్పే అయ్యేది. కాలువలో ఎవరో లారీ కడిగి ఉండవచ్చు, మెకానిక్ షెడ్డు నుంచి వాడిన ఆయిలు పారబోసి ఉండవచ్చు. యజమాని గౌరవం కాపాడాలన్న సాకుతోనే నేను నోరు మూసుకొన్నాను. కాని నా మౌనం ఎవరి గౌరవాన్ని కాపాడిందో, ఎవరి గౌరవాన్ని తీసిందో మీకు చెప్పాను. ఆ కుర్రవాడి మీద అనుమానం వచ్చినప్పుడు నాకు ఎనిమిదవ ఆజ్ఞ గుర్తు రాలేదు. బండలు పరిపించినవాడి విషయంలోనే గుర్తు వచ్చింది.

పరీక్ష చేయించడం అనేది దురనుమానానికీ మౌనానికీ మధ్యనున్న దారి. ఇది ఆరోపణ కాదు. దోషం లేనివాడిని బయటపడవేసేదీ ఇదే. అందుకే భూమి క్రింద కారిన ఇంధనాన్ని ఎలా కనుక్కొంటారో కొంచెం తీరికగా చెబుతాను. నేను చాలా ఆలస్యంగా, తెలిసిన ఇంజనీర్లను అడిగి నేర్చుకొన్నాను.

మొదటిది బంకులోని రిజిస్టరే. నిన్నటి నిల్వ, లారీ దించినది, అమ్మినది లెక్కకడితే ఈ రోజు ఉండవలసిన నిల్వ తేలుతుంది. డిప్ రాడ్‌తో చూసినదానికీ దీనికీ తేడా రావడం సహజమే. డీజిలు ఎండకు వ్యాకోచిస్తుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. పది వేల లీటర్లలో ఒక డిగ్రీ మారితే సుమారు ఎనిమిది లీటర్లు తేడా వస్తుంది. కాబట్టి ఒక రోజు తరుగు ఏమీ రుజువు చేయదు. నెల మొత్తం చూడాలి. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ వస్తుంటే అది వాతావరణం, చేతి పొరపాటు. ఎప్పుడూ తక్కువే వస్తుంటే అది కారడమో, దొంగతనమో. ఈ రెండింటినీ విడదీయడం ఎలా? ఆ ట్యాంకు మీద రెండు రోజులు అమ్మకం ఆపి, తాళం వేసి, ముందూ వెనుకా డిప్ కొట్టాలి. దొంగ మనిషైతే తాళం వేసిన ట్యాంకులో తరగదు. తూటు అయితే సెలవు తీసుకోదు. రెండు రోజుల అమ్మకం! ఒక పిల్లవాడి పేరు నిలబెట్టడానికి అయ్యే ఖర్చు అంతే. ఆ మాట మాలో ఎవరికీ తోచలేదు.

అయినా రిజిస్టరు అన్నిటినీ పట్టదు. అమెరికాలో ఈ పద్ధతికి పెట్టిన ప్రమాణం ప్రకారం నెలకు అమ్మకంలో నూటికి ఒక వంతు, దానిపైన మరొక 490 లీటర్ల వరకు తేడాను లెక్కలో పొరపాటుగానే తీసుకొంటారు. అంటే అంతకు లోపల కారేది కాగితం మీద కనబడదు. అందుకే ట్యాంకుకు, గొట్టాలకు ఒత్తిడి పరీక్షలు చేస్తారు.

ఆ తరువాత నేల. డీజిలు, పెట్రోలు నీటికంటే తేలిక. మట్టిలోకి దిగి, భూగర్భజలం పైమట్టం చేరి అక్కడ పొరలాగా తేలుతుంది. వానలకు నీటిమట్టం పైకి వస్తే ఆ పొర కూడా వస్తుంది. మా బావిలో వానల తరువాతనే వాసన ఎందుకు వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. పొర ఉన్నచోట ఉన్నా, దానిలో కరిగే పదార్థాలు నీటితో పాటు ప్రయాణం చేస్తాయి. నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియడానికి కనీసం మూడు బోర్లు వేసి మూడింటిలోనూ మట్టం కొలుస్తారు. రెండు చాలవు, వాలు తెలియదు. పైన నేల ఎటు వాలిందో లోపల నీళ్ళు అటే పోతాయన్న నమ్మకం లేదు. తెలంగాణలో, రాయలసీమలో ఉన్నట్లు రాతినేల అయితే ఇంకా చిక్కు. నీళ్ళు రాతి పగుళ్ళ వెంట పోతాయి. బంకు ప్రక్క బావి బాగుండి, ఎక్కడో ఉన్న బోరు చెడవచ్చు.

పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. అది రక్తక్యాన్సరు కలిగించగలదని రుజువైనది. త్రాగే నీళ్ళలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే ఒక్క గ్రాము బెంజీన్ లక్ష లీటర్ల నీళ్ళను ఆ హద్దుకు చేర్చగలదు. ముక్కుకు తెలిసేలోగా ఆ హద్దు ఎన్నో రెట్లు దాటి ఉంటుంది. కాబట్టి వాసన లేదంటే బాగున్నాయని కాదు. కాచి త్రాగితే సరిపోతుందని కొందరు అనుకొంటారు. కలరా క్రిములకు అది మందు గాని దీనికి కాదు. పొయ్యి మీద పెడితే ఆ ఆవిరంతా వంటింట్లోకే వస్తుంది. పరీక్షకు పంపదలిస్తే శుభ్రమైన గాజు సీసాను గాలి లేకుండా అంచు వరకు నింపి, గట్టిగా మూసి, మంచులో పెట్టి, అదే రోజు ల్యాబుకు చేర్చాలి. మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసాలో పట్టి మూడు రోజులు బల్లమీద ఉంచి పంపితే, ఏమీ లేదన్న రిపోర్టు వస్తుంది. అటువంటి రిపోర్టు కంటే అసలు పరీక్ష చేయకపోవడమే మేలు, ఎందుకంటే అది 'తెలియదు'ను 'లేదు' చేస్తుంది.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు ఎవరిది? ఇక్కడే నాకు నిర్గమకాండం 21వ అధ్యాయం గుర్తుకు వస్తుంది. ఒకడు గోయి త్రవ్వి, మూత వేయకుండా వదిలితే, పొరుగువాడి ఎద్దు దానిలో పడి చస్తే, గోయి త్రవ్వినవాడే నష్టం కట్టాలి. ఎద్దును ఎందుకు అటు రానిచ్చావని పొరుగువాడిని అడగలేదు. ఆ అధ్యాయంలోనే పొడిచే ఎద్దు మాట కూడా ఉంది. పొడుస్తుందని ముందు తెలియని యజమానికి ఒక లెక్క, ఇరుగుపొరుగు హెచ్చరించిన తరువాత కూడా కట్టివేయనివాడికి మరొక లెక్క. మన లోకంలో ఇది తలక్రిందులైంది. గోయి ప్రక్క నీళ్ళు త్రాగేవాడు తన నీళ్ళు ఎవరు పాడుచేశారో రుజువు చేయాలంటాం. అతడికి బోర్లు వేయించే స్తోమత ఉండదు, ల్యాబు ఎక్కడుందో తెలియదు. ట్యాంకు ఉన్నవాడికి అవి రెండూ ఉన్నాయి. తెలుసుకొనే శక్తి ఎవరికి ఎక్కువ ఉందో తెలుసుకొనే బాధ్యత కూడా వాళ్ళ మీదే ఎక్కువ ఉండాలని నా అభిప్రాయం. కీర్తిశేషులు ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వ్రాసిన 'లౌదాతో సి' లేఖలో త్రాగదగిన నీరు మనిషికి మౌలికమైన హక్కు అని చెప్పారు. హక్కు అంటే దానికోసం రుజువుల మూట మోయవలసినది దాహంతో ఉన్నవాడు కాదు.

చట్టాలు రాలేదని కాదు. అమెరికాలో బంకు ట్యాంకులు కారి ఇళ్ళ బావులు చెడుతున్న సంగతి 1983లో ఒక టెలివిజను కార్యక్రమంలో దేశమంతా చూసింది, మరుసటి సంవత్సరమే చట్టం వచ్చింది. అప్పటి నుంచి ఆ దేశంలో నిర్ధారణ అయిన కారుడులు ఐదు లక్షలు దాటాయి. చూడడం మొదలుపెట్టిన తరువాతే అన్ని బయటపడ్డాయి! మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకులు పాఠశాలలకు, ఆసుపత్రులకు, నివాస ప్రాంతాలకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. స్థలం చాలకపోతే అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లు. పాత బంకుల క్రింద పాత ట్యాంకులు ఎలా ఉన్నాయో దూరం చెప్పదు. 2013లో చెన్నై తొండియార్‌పేటలో ఇళ్ళ బోర్లలో ఇంధనం పడింది. అక్కడ కారినది ట్యాంకు కాదు, భూమిలో వేసిన గొట్టం. మొదట కనిపెట్టింది మాత్రం ఇళ్ళల్లో నీళ్ళు తోడుకొనేవాళ్ళే.

రెడ్ హిల్ కథలో నాకు నచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. హొనలూలు పౌర నీటి సరఫరా బోర్డుకు అదే నీటిపొర మీద హలావ అనే చోట పెద్ద బావి ఉంది. దానిలో ఇంధనం కనబడలేదు. అయినా 2021 డిసెంబరు మొదటి వారంలో దానిని ముందుజాగ్రత్తగా ఆపివేశారు. పట్టణానికి నీళ్ళు తక్కువయ్యాయి, జనం పొదుపుగా వాడుకోవలసి వచ్చింది. తెలియదు కాబట్టి వాడుకొందాం అనలేదు, తెలియదు కాబట్టి ఆపుదాం అన్నారు. మాటలు అవే. ఆ మాట వల్ల కలిగే నష్టాన్ని ఎవరు మోయడానికి ఒప్పుకొన్నారన్నదే తేడా.

వంట చేసే అమ్మ ఇప్పుడు లేదు. బంకు యజమాని ఆ ఏడు తనంతట తానే పేటలో కొత్త బోరు వేయించాడు, చాలా లోతుగా. అది ఆయన పరిహారమనుకొంటాను. పాత బావిని పూడ్చి వేశారు. ఆ బావి నీళ్ళకు గాని, చేతిపంపు నీళ్ళకు గాని పరీక్ష ఎప్పుడూ జరగలేదు. ఆ ఏళ్ళల్లో పేటలో జబ్బుపడినవాళ్ళు ఉన్నారు. ఆ నీళ్ళవల్లనేనా కాదా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన కాలంలో చెప్పించవలసినవాడిని నేనే.

ఆ కుర్రవాణ్ణి వెతికి పట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. నిజం చెప్పాలంటే వెతకడం మొదలుపెట్టడానికే చాలాకాలం పట్టింది. హైదరాబాదు శివారులో సొంత ఆటో నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లలు. ట్యాంకు సంగతి తెలుసునా అని అడిగాను. ఊరి నుంచి ఎవరో చెప్పారట. తల్లి చనిపోయిన తరువాత తెలిసిందన్నాడు. నేను బావి సంగతి చెప్పాను, క్యానుల సంగతి కూడా. క్షమించమని అడిగాను.

"పోనీలెండి ఫాదరుగారూ, అప్పుడు మీకు మాత్రం ఏం తెలుసు!" అన్నాడు. అతని భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. కాదని చెప్పాలనుకొన్నాను, గ్లాసు చేతిలో పట్టుకొని కొంతసేపు అలాగే కూర్చొన్నాను. తరువాత చెప్పాను. "తెలుసు నాన్నా" అని. అతను లేచి వాకిట్లోకి వెళ్ళాడు.